గడప తొక్కిన ప్రదక్షిణ

ఓబుళయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు. "చెప్పులు వేసుకో నాయనా" అనేవారు. అంతే. అడిగినవాడు ఎటో ఒకవైపు నడవవలసిందే. నడిచి వచ్చాక కొందరికి తాము ఏం అడిగారో గుర్తుండేది కాదు. గుర్తుండి మళ్ళీ అడిగినవారికి మళ్ళీ అదే మాట.

ఆయన ఆశ్రమం బూదికొండ పాదాన ఉండేది. ఆ కొండ ఒకప్పుడు నిప్పు కక్కిందట. ఎప్పుడంటే చెప్పేవారు లేరు. కక్కిన నిప్పు చల్లారి నల్లరాయి అయింది, రాయి పొడై మన్ను అయింది, ఆ మన్నులోనే ఇప్పుడు ఆముదాలూ కందులూ పండుతున్నాయి. అంత కోపం ఎంత మెత్తబడిందో చూడండి. రాళ్ళ నిండా తూట్లే. పిడికెడు రాయి చేతిలోకి తీసుకుంటే బొరుగుల ఉండంత తేలిగ్గా ఉంటుంది.

అక్కడివాళ్ళు కొండ ఎక్కరు. చుట్టూ తిరిగి వస్తారు, అదే మొక్కు. దారి కష్టమైనదేం కాదు. ఎక్కుడూ దిగుడూ తక్కువ, వాగుల పక్కనా చేల గట్ల మీదా పోతుంది. మంచి కాళ్ళున్నవాడు పొద్దున బయల్దేరితే పొద్దు గూకేలోగా చుట్టి వస్తాడు. వచ్చి, దారిలో ఏరుకున్న నల్లరాయిని ఆశ్రమం ముందున్న కుప్ప మీద పెట్టి, ఎవరి మొక్కు తీర్చాడో వాళ్ళ పేరు గట్టిగా పలుకుతాడు. కట్టుబాటు ఒకటే. మధ్యలో ఇంటి గడప తొక్కకూడదు. తొక్కితే ప్రదక్షిణ తెగిపోయినట్టే.

ఆ కుప్పను చూసుకునే పని శిష్యుడు శరభయ్యది. పౌర్ణమి పౌర్ణమికీ కొండ చుట్టేవాడు, ఒక్కసారి కూడా కూర్చోకుండా. అందుకే ఆ పని అతనికి అప్పజెప్పారు.

ఒకరోజు పొద్దున్నే సుంకులమ్మ అనే ముసలామె వచ్చి కుప్ప మీద రాయి పెట్టింది. ఆ వేళకు రాయి పెట్టేవాళ్ళు ఉండరు. శరభయ్యకు అనుమానం వచ్చింది.

"రాత్రంతా నడిచినావా అవ్వా?"

"రాత్రి ఇంట్లో పడుకున్నా నాయనా. నిన్న ఎర్రవాగు కాడ ఆపినా. పొద్దున్నే మళ్ళా ఆడి నుంచి వచ్చినా."

"ఇంటికి పోయినావా!"

"పోకుంటే బర్రెకు మేత నువ్వేస్తావా?"

"రోజూ పోయినావా?"

"బర్రె రోజూ తింటాది కద నాయనా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. శరభయ్య నవ్వలేదు. "అట్లయితే నీ ప్రదక్షిణ తెగిపోయింది. రోజుకు ఇంత షికారు చేసి, ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటే అది మొక్కు కాదవ్వా, మొక్కుబడి" అని ఆమె పెట్టిన రాయి తీసి కింద పెట్టాడు.

ఆమె వంగి, రాయి తీసుకుని మళ్ళీ కుప్ప మీద పెట్టింది. "తెగిపోలా. తెగించినా" అంది.

అప్పుడు ఆమె చెప్పిన సంగతి ఇది. మోకాళ్ళు పట్టేసి ఆమె ఏళ్ళ తరబడి మంచంలో ఉంది. మా అమ్మ లేచి నడిస్తే నీ చుట్టూ తిరుగుతానని ఆమె కూతురు నరసక్క బూదికొండకు మొక్కుకుంది. తల్లి లేచింది. కానీ జ్వరం వచ్చి కూతురు పోయింది. మొక్కు మిగిలిపోయింది. పిల్ల మాట ఇచ్చి తప్పినదిగా పోకూడదని తల్లికి పట్టుదల.

శరభయ్య గొంతు కాస్త తగ్గింది గానీ మాట తగ్గలేదు. "నీ కాళ్ళతో కాదనుకుంటే, తిరగగలిగినోళ్ళను ఎవరినైనా తిరగమనకపోయినావా?"

"ఈ కాళ్ళు నా బిడ్డ అడిగి తెచ్చినవి. ఇవి ఉండంగా ఇంకొకరి కాళ్ళెందుకు? కొండ నాకు పూటకు సరిపోయే కాళ్ళే ఇచ్చింది, పూటకింత తీర్చినా. ఒక్కరోజులోనే చుట్టి రావల్లంటే అంతకు సరిపోయేవి ఇచ్చుండల్ల. పోయి అడుగు. నన్ను కాదు, కొండను."

శరభయ్యకు కోపం వచ్చింది. రాయి తీసి పల్లానికి విసిరేశాడు. తేలికరాయి కదా, దొర్లుకుంటూ చాలా దూరం పోయింది. సుంకులమ్మ దాని వెనక పోలేదు. కుప్పకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. "నా బిడ్డ పేరు పలకందే లేచేది లేదు. కావల్నంటే నన్నూ దొర్లించు" అంది.

అతను నేరుగా గురువుగారి దగ్గరకు పోయాడు. ఆయన అరుగు మీద కూర్చుని ఆముదపు కాయలు ఒలుస్తున్నారు.

"అయ్యా, సులువుగా చేసుకున్నది మొక్కు ఎట్లా అవుతుంది?"

"చెప్పులు వేసుకో నాయనా" అన్నారు ఆయన. ఇంకో కాయ ఒలిచి, "ఆమెతో తిరుగు. ఆమె ఆగినచోట ఆగు, ఒక్క అడుగు కూడా ముందుకు వేయకు. ఆమె గడప తొక్కితే నువ్వూ తొక్కు" అన్నారు.

"ఆ ముసలామెను మళ్ళీ తిరగమని అడగాలా?"

"అడిగి చూడు."

అడిగాడు. అడగడానికే అతనికి సిగ్గనిపించింది. సుంకులమ్మ చెయ్యి ఆనించుకుని లేచి నిలబడింది. "సాక్షి కావల్నా? రా. ఒకసారి తిరిగిన కొండ రెండోసారి కరుస్తాదా?"

మొదటిరోజు కందిచేల దాకా పోయి ఆమె ఆగిపోయింది.

"ఇంకా ఎండ కూడా ముదరలేదవ్వా!"

"నా మోకాళ్ళకు ముదిరింది."

పాల ఆటో ఎక్కి ఇద్దరూ ఆమె ఊరికి పోయారు. గడప తొక్కుతూ శరభయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆమె పెట్టిన జొన్నరొట్టె తిన్నాడు, బర్రెకు గడ్డి వేశాడు, బయట అరుగు మీద పడుకున్నాడు. మర్నాడు మళ్ళీ కందిచేల దగ్గర మొదలు. అతని కాళ్ళు కట్టేసిన కోడెల్లా గింజుకునేవి. నాలుగు అడుగులు ముందుకు పోయి, గురువుగారి మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడు. ఆమె చూసి, "నీకంటే మా దూడ నయం. అది తన పలుపుతాడు ఎంత పొడుగో తెలుసుకుంది" అని నవ్వేది.

కొండకు పడమటి పక్క ఒకచోట ఆమె నల్లబండ మీద కూర్చుని మోకాళ్ళు దానికి ఆనించింది. "కూకో నాయనా" అంది. కూర్చున్నాడు. బండ వెచ్చగా ఉంది. ఎండ వేడి కాదు, లోపలి నుంచి వస్తున్న వెచ్చదనం. అన్ని పౌర్ణములు ఆ బండ పక్కనుంచే పోయినవాడికి ఆ సంగతి తెలియదు. ఎన్నడైనా కూర్చుంటే కదా.

తర్వాత ముసురు పట్టింది. తెల్లారేసరికి సన్నగా తుంపర, చలిగాలి. సుంకులమ్మ మోకాళ్ళు వాచి ఉన్నాయి. వాటికి పాతగుడ్డ గట్టిగా చుట్టుకుంటోంది. ఎదురింటి కోడలు గుమ్మంలోంచి కేకేసింది.

"మళ్ళా పోతాండావా అత్తా? నీ రాయి వాళ్ళు పారేసిరంటనే! సిగ్గనిపించలేదా?"

"సిగ్గుపడి ఉంటే మంచంలోనే ఉందును గదే, పిల్లా."

శరభయ్య గొంగడి కప్పుకునే అరుగు మీద ఒత్తిగిలాడు. "ఈపొద్దు వద్దులే అవ్వా, రేపు పోదాం. కొండ యాడికి పోతాది?"

ఆమె ముడి బిగించింది. "కొండ యాడికీ పోదు నాయనా. మనుషులే పోతారు" అని, కర్ర తీసుకుని వానలోకి దిగింది.

అతను పడుకునే ఉన్నాడు. గొంగడి వెచ్చగా ఉంది. లేద్దామనుకున్నాడు, లేవలేదు. ఇది అతనికి చాలా వింతగా అనిపించింది. పౌర్ణమినాడు ఒకసారి లేచి బయటపడితే చాలు, తక్కినదంతా కాళ్ళే చూసుకునేవి. ఆపినచోటికే తిరిగి పోయి, నిన్నటి దారినే మళ్ళీ ఎత్తుకోవడం అతని కాళ్ళకు తెలియదు. ఒళ్ళు 'ఎందుకులే' అంటోంది. ఆ మాట అంటున్నది తనేనని నమ్మలేకపోయాడు. కర్ర చప్పుడు వీధి చివర వినపడకుండా పోయింది, పాల ఆటో కదిలిన చప్పుడు వినిపించింది. అప్పుడు గొంగడి విసిరేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

ఆమె క్రితంరోజు ఆగినచోటే తడుస్తూ నిలబడి ఉంది. అడుగు ముందుకు వేయలేదు.

"సాక్షి నిద్రపోతాంటే ఎట్ల మొదలుపెట్టల్ల నాయనా?" అంది.

ఆ రోజు అతను ఆమె వెనకే నడిచాడు. తర్వాత రోజుల్లోనూ వెనకే.

చుట్టు పూర్తయిననాడు కుప్ప దగ్గర నలుగురూ చేరారు. శరభయ్య పక్కకు తప్పుకుని, చేతులు కట్టుకుని, "పెట్టవ్వా" అన్నాడు.

సుంకులమ్మ అతని వైపు చూసింది. "నువ్వు పెట్టమంటే పెట్టేదాన్నయితే, ఆపొద్దు నువ్వు వద్దంటే ఊరుకుందును గదా?" అంది. రాయి పెట్టింది. పొలంలో పని చేసుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టు, "నరసక్కా!" అని ఒక్క కేక వేసింది. ఆ కేక కొండకు తగిలి మళ్ళీ వినబడేదాకా ఆగి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

శరభయ్య గురువుగారి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"పెట్టింది అయ్యా. నేను తీయలేదు."

"ఊఁ."

"తీయడానికి నాకు చెయ్యి రాలేదు. కానీ కట్టుబాటు కట్టుబాటే కదా అయ్యా? ఆమెది రోజూ తెగింది, నేను కళ్ళారా చూశాను. నాది ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తెగలేదు."

ఓబుళయ్యగారు చేతిలోని కాయ ఒలవడం ఆపారు.

"తెగలేదు నాయనా, నిజమే" అన్నారు. "నీది తెంపడానికి ఎవరన్నా వచ్చారా?"