వీరమణి పట్టిన తొలిముక్క నోము

అక్షతలు చేతబట్టి, యంత్రము ఆపి, ఇంటివారందరును కూర్చుండి ఈ కథ వినవలెను.

కౌండిన్యుడు భృగుమహర్షికి నమస్కరించి, కలియుగమున యంత్రమును నమ్ముకొని బ్రతుకువారికి కీడు తొలగించు నోము ఏదైనను కలదా యని అడిగెను. భృగువు క్షణము కన్నులు మూసికొని, జరుగబోవునది జరిగినట్లే చెప్పసాగెను.

బెజవాడ ఆటోనగరమున వీరమణి యను విశ్వబ్రాహ్మణ ఇల్లాలు ఉండెను. వరండాలో కంప్యూటరు చెప్పినట్లు లోహము కోయు బల్లంత సీఎన్‌సీ మిల్లింగు మిషను పెట్టుకొని, పదేసి ఇరవయ్యేసి చొప్పున చిన్న అల్యూమినియం భాగములు కోసియిచ్చుచుండెను. మామగారు సోమలింగాచారి ఆమెచేత తొలిముక్క నోము పట్టించెను. కొత్త పని వచ్చినప్పుడెల్ల కోయు పనిముట్టగు కట్టరును ముందు ముక్కకు తగులకుండ గాలిలో తిప్పి చూడవలెను. పిదప ఒక్క ముక్క కోసి కొలవవలెను. కొలత కుదురుదాక పచ్చి మంచినీళ్లయినను ముట్టరాదు. ఆమె అట్లే చేసెను. పనికి పేరు వచ్చెను.

పేరుతోపాటు తొందరయు వచ్చెను. ఒకనాడు గాలిలో తిప్పుట మానెను. కట్టరు దిగి, ముక్కను పట్టియుంచిన వైసును కొట్టి విరిగెను. తునక ఎగిరి మామగారి కనుబొమను చీల్చెను. కొద్దిలో కన్ను దక్కెను. వీరమణి లెంపలు వేసికొని, కొన్నాళ్లు నోము తప్పక నడిపెను.

అంతలో కృత్రిమ కాళ్లు చేయు జోజిబాబు వచ్చి ఎనిమిది మోకాలి కీళ్లు కావలెననెను. అందొకటి ప్రమాదమున కాలు పోయిన పడవ సరంగు లోవరాజుది. వీరమణి గాలిలో తిప్పెను గాని, ఇటువంటివి ఎన్ని కోయలేదని తొలిముక్క కొలువకయే ఎనిమిదియు కోసెను. కీలును పట్టియుంచు పిన్ను దిగవలసిన రంధ్రము వెంట్రుక మందము పెద్దదయ్యెను.

జోజిబాబు పనిశాలలో లోవరాజు ఆ కీలు అమర్చిన కాలు తొడిగి, ఆమె యెదుటనే నడక నేర్పు కడ్డీలు పట్టుకొని లేచెను. ఒక్క అడుగు వేసెను. పిన్ను జారెను, కీలు మడుచుకొనెను, మనిషి కూలెను. జోజిబాబు లేవదీయగా, అతడు ఆమెవంక చూడకయే పలికెను:

“కాలు పోయిన రోజు పడ్డానమ్మా. ఇది రెండోసారి. మళ్లీ నిలబడమంటే నా వల్ల కాదండి.”

వీరమణి ఆ ఎనిమిది కీళ్లను ఇంటికి తెచ్చి, తుక్కుబుట్టలో వేసి, మామగారి కాళ్లపై పడెను. ఆయన తిట్టక, తలస్నానము చేసి నోము మరల పట్టుమనెను.

మరునాడు ఆమె బల్లమీది రజను తుడిచి, మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, ఆపు బటనుపై వేలుంచి కట్టరును గాలిలో తిప్పెను. తొలిముక్క కోసెను, పిన్ను వదులు. పారవైచి కట్టరు మార్చెను. మరల వదులే. మధ్యాహ్నము దాటెను. గొంతు ఎండెను. మజ్జిగయైన త్రాగుమని మామగారు బతిమాలినను త్రాగలేదు. కట్టరును బిగించు కాలెట్టు విప్పి చూడగా లోన నలుసంత రజను చిక్కియుండెను. కట్టరు ఊగుట దానివలననే. దానిని తీసి కోసిన మూడవ ముక్కలో పిన్ను బిగువుగా దిగెను. అప్పుడు నీళ్లు త్రాగి, తక్కిన ఏడును కోసి, ఒక్కొక్కటే కొలిచెను.

జోజిబాబు పనిశాలలో లోవరాజు కొత్త కీలు అమర్చిన కాలు తొడిగించుకొనెను గాని లేవడయ్యెను. కడ్డీలు పట్టుకొనియే కూర్చుండెను. వీరమణి నేలపై కూర్చుండి, మోకాలి వెనుక కీలు సందులో తన వేళ్లుంచెను.

“ఇది మడుచుకుంటే ముందు నలిగేది నా వేళ్లే సరంగు గారూ. లేవండి.”

అతడు లేచెను. బరువంతయు ఆ కాలిపై మోపెను. కీలు కదలలేదు. లోవరాజు చాలసేపు అట్లే నిలిచి, క్రిందికి చూచి, మెల్లగా అనెను:

“ఇంక వేళ్లు తియ్యండమ్మా. అడుగెయ్యాలి.”

కౌండిన్యా, మిల్లు తిప్పువారు, లేతు పట్టువారు, కుట్టుమిషను తొక్కువారు, ఒకరి దేహమునకు ఆనెడి వస్తువు చేయువారెల్లరును ఈ నోము నోచవలెను. నోచినవారికి కన్ను చెడదు, వేలు తెగదు, చేసిన పని తప్పుపట్టబడి తిరిగి గుమ్మమెక్కదు. విన్నవారికి తొందర తగ్గును.

కథ చెప్పుటలో మాట తప్పినను, కొలుచుటలో కన్ను తప్పకుండుగాక. అక్షతలు మిషనుపై వేసి మ్రొక్కవలెను.