హెప్సిబా వేళ్ళకు నప్పిన తీగలు

అనగనగా, గోదారి సముద్రంలో కలవబోయే చోట, నరసాపురంలో, హెప్సిబా అని ఒకావిడ ఉండేదమ్మా. పగలంతా లేసు అల్లేది. ఆదివారం వచ్చిందంటే చర్చిలో బేస్ గిటారు వాయించేది.

బేస్ గిటారంటే మామూలు గిటారుకి పెద్దక్క. నాలుగే తీగలు, కానీ లావాటివి. పాట వింటుంటే పొట్టలో దుమ్ దుమ్ అంటుందే, ఆ చప్పుడు దానిదే.

అప్పుడేమైందంటే, ఆవిడకి చికున్‌గున్యా వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, వేళ్ళ కీళ్ళలో నొప్పి ఉండిపోయింది. బిగుతు తీగ నొక్కితే ప్రాణం లాగేసేది.

ఈస్టర్ దగ్గరపడింది. పాటల బృందాన్ని నడిపే జయానందం మాస్టారు ఇంటికొచ్చాడు. “అమ్మా, ఈసారికి నువ్వు విశ్రాంతి తీసుకో. పాలకొల్లు నుంచి ఒకాయన్ని పిలిపిస్తాను” అన్నాడు.

“కొంచెం ఆగండి మాస్టారూ” అంది హెప్సిబా. ఆయన వెళ్ళాక గిటారు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూ కూర్చుంటుందా? కళ్ళు తుడుచుకుని, ‘వేళ్ళు మార్చుకోలేను, తీగలు మార్చుకోగలను కదా’ అనుకుంది.

ముందు ఉన్న తీగల్నే వదులు చేసింది. వేళ్ళకి హాయిగానే ఉంది, కానీ శ్రుతి దిగిపోయింది. పాట ఒక దారి, గిటారు ఒక దారి!

ఆ తర్వాత బాగా సన్నటి తీగలు తెచ్చి కట్టింది. శ్రుతి కుదిరింది, నొక్కడమూ తేలికే. కానీ గట్టిగా మీటితే చాలు, ఊగిపోయి, గిటారు మెడ మీద అడ్డంగా ఉండే ఇనప మెట్లకి తగిలి జర్రుమనేవి. పైగా దుమ్ దుమ్ కాస్తా టంగు టంగు అయిపోయింది.

ఇంకొకరైతే వదిలేసేవాళ్ళు. హెప్సిబా మాత్రం బస్సెక్కి విజయవాడ వెళ్ళింది. కొట్లో ఒక్కో రకం తీగనీ వేలితో తడిమి చూసింది. ఒకచోట వేలు ఆగింది. మిగతావి ఆకురాయిలా గరుకుగా ఉంటే, ఇది రిబ్బను చుట్టినట్టు నున్నగా ఉంది.

“ఇవి తళతళలాడే శబ్దం ఇవ్వవమ్మా, మెత్తగా పలుకుతాయి” అన్నాడు కొట్టాయన.

“నాకు కావాల్సింది అదేనండీ. ఇందులో బిగువు తక్కువ రకం ఇవ్వండి” అంది.

లేసు అల్లే చెయ్యి కదా! దారం ఎంత లాగాలో, ఎంత వదలాలో ఆ చేతికి తెలుసు. ఇంటికొచ్చి ఓపిగ్గా కట్టింది. కొంచెం బిగించింది, వింది. ఇంకొంచెం బిగించింది, వింది. నొక్కి చూసుకుంది. నవ్వింది.

ఈస్టర్ రోజు చర్చి కిటకిటలాడిపోయింది. మొదటి పాటకి మాస్టారు ఆవిడ చేతులే చూస్తూ నిలబడ్డాడు. రెండో పాటకి అటు చూడ్డమే మర్చిపోయాడు. మూడో పాటకి అందరితో పాటు ఆయనా కళ్ళు మూసుకుని పాడేశాడు. ఆ గిటారు అంత గుండ్రంగా, అంత వెచ్చగా పలికిందమ్మా!

అంతా అయ్యాక ఆయన దగ్గరికొచ్చి, “నొప్పి లేదా అమ్మా?” అని మెల్లగా అడిగాడు.

“ఉంది మాస్టారూ. కానీ వాయించకుండా కూర్చుంటే ఇంకా ఎక్కువ ఉండేది” అంది హెప్సిబా.

అదమ్మా మనిషంటే!

కథ కంచి బస్సెక్కింది,
కునుకు నీ రెప్పనెక్కింది.
దీపం ఆర్పేస్తా,
దుప్పటి కప్పేస్తా.