జనం చేత

కోర్టు వీధిలో అర్జీలు రాసే శరభయ్య గారిని ఒక పొద్దున ఆయన శిష్యుడు ఎల్లమంద ఓ ప్రశ్న అడిగాడు. మనిషిని చంపడం ఎప్పటినుంచో నేరమే. మరి ఐదుగురో అంతకు మించో గుంపుగా చేరి, కులం చూసో భాష చూసో ఒకణ్ణి చంపితే అది ఫలానా నేరమని పార్లమెంటు పనిగట్టుకుని కొత్తగా రాసి పాస్ చేయడం దేనికి? దానివల్ల పోయినవాడికి ఒరిగేదేమిటి? ఎల్లమంద నలభై దాటిన మనిషి, ఎనిమిదేళ్ళుగా గురువు పక్క బల్ల మీద రాస్తున్నాడు. ఎన్నడూ లేనిది, ఆ రోజు అతని గొంతులో కాస్త దురుసుతనం వినిపించింది.

శరభయ్య గారికి వాదించే అలవాటు లేదు. ఎదురుగా బెంచీ మీద మూడేళ్ళ కూతురితో కూర్చున్న ఆడమనిషిని చూపించి, ముందు ఆమె అర్జీ రాసిపెట్టమన్నారు.

ఆమె పేరు సుగంధి. పూసలూ పిన్నీసులూ అమ్ముకునే నక్కలవాళ్ళ మనిషి. పోయిన నెల సంతలో ఆమె మొగుడు మాణిక్యం, ఏడుస్తున్న ఈ పిల్లనే భుజాన వేసుకుని తమ భాషలో ఊరుకోబెడుతుంటే, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని ఎవరో అరిచారు. అతను మాట్లాడేది అక్కడెవరికీ అర్థం కాలేదు. అంతమాత్రానికే కొట్టి చంపేశారు. కేసైతే కట్టారు గానీ, చూశానన్నవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. పెద్ద ఆఫీసరుకు అర్జీ పెట్టుకుందామని వచ్చింది.

ఎల్లమంద చెయ్యి తిరిగిన లేఖరి. చకచకా రాసి వినిపించాడు: "నా భర్త మాణిక్యం సంతయందు జనం చేత కొట్టబడి మరణించియున్నాడు."

"కర్త ఏడయ్యా?" అన్నారు శరభయ్య గారు.

జనమేనన్నాడు ఎల్లమంద. మళ్ళీ రాయమన్నారు ఆయన. రెండోసారి "దెబ్బలు తగిలి" అని రాశాడు. మూడోసారి "గాయములపాలై" అన్నాడు. ఇవన్నీ వృత్తి నేర్పిన మాటలే. వీటితో ఎంత ఘోరాన్నైనా ఎవరి పేరూ రాకుండా కాగితం మీద పెట్టేయొచ్చు. అందులో అతణ్ణి మించినవాడు ఆ వీధిలో లేడు. గురువుగారు విసుక్కోలేదు. ఇంకో కాగితం తీసి ముందు పెట్టారు.

నాలుగో కాగితం మీద కలం సాగలేదు. ఆ సంత రోజున ఎల్లమంద కూరగాయల సంచితో అక్కడే నిలబడి ఉన్నాడు. పిల్ల ఆ మనిషి మెడ కరుచుకుని వదలకపోవడం చూశాడు. సొంత బిడ్డేనని అప్పుడే తెలిసిపోయింది. అయినా నోరు పెగల్లేదు, ఎందుకంటే కర్ర ఎత్తినవాళ్ళలో అతని బావమరిది రాఘవులు ఉన్నాడు. ఆ పేరు రాస్తే ఇంటికెళ్ళి భార్యకు ముఖం చూపించలేడు. ఎవరికీ చెప్పకుండా నెల గడిచింది, ముద్ద గొంతు దిగడం లేదు.

"నేను చూశానమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే.

సుగంధి ఏడవలేదు. "ఒక్కడన్నా చూశానంటే చాలయ్యా. మా ఆయన దొంగ కాదని నీకు తెలుసు గదా," అని, నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు గోడకు చేరగిలబడింది.

ఎల్లమంద ఆరు పేర్లు రాశాడు. రాఘవులు పేరు మూడోది. వీళ్ళు కొట్టి చంపినారని రాసి, కళ్ళారా చూసిన సాక్షి అంటూ ఇంటిపేరుతో సహా తన పేరు పెట్టాడు. ఇంటి దగ్గర ఏమవుతుందోనన్న భయం ఎటూ పోలేదు గానీ గుండె మాత్రం తేలికపడింది. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.

శరభయ్య గారు అర్జీని మొదటినుంచి చివరిదాకా పైకి చదివి, మడతపెట్టి ఆమె చేతికిచ్చారు. ఆ తర్వాత శిష్యుడి వైపు తిరిగారు.

"ఆ చట్టం ఢిల్లీలో ఎప్పుడో పాసైంది కదూ," అన్నారు. "మన ఊళ్ళో ఈ పొద్దే పాసైంది."