దళవాయి తోటకు చాటు

ఇది ఏ రాజ్యంలో జరిగిందో నమ్మకంగా చెప్పలేను. రాజుగారి సేనాని అయిన ఆ దళవాయి పేరు కూడా మరిచాను. తోటమాలి చెన్నప్ప అలసట మాత్రం జ్ఞాపకముంది.

దళవాయిది నాలుగు మంచాలు పట్టేంత పెరటితోట. రాజుగారి కొలువులో ఉండాల్సిన వేళ అక్కడ చేరి నిద్రపోవడం ఆయన అలవాటు. గోడ అవతల నేతగత్తె సూరమ్మది సన్నటి, ఎత్తయిన మిద్దె. అది కంటికి అడ్డమని ఆయన కోపం.

"పొడుగ్గా, సన్నగా, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు నాటరా. ఆ మిద్దె నాకు కనబడకూడదు."

ఆయన వద్దన్న మొక్కలు పీకీ పీకీ ఒళ్లు హూనమైన చెన్నప్ప నడుం పట్టుకుని లేచాడు. "నరమామిడి నాటుతాను దొరా. కొమ్మలు చాపదు, ఎన్నడూ బోడి కాదు. కాని ఎదగడానికి ఏళ్లు పడుతుంది."

"ఈలోగా నా జుట్టు నెరుస్తుంది! రేపే ఆ మిద్దె కూల్పిస్తా."

గోడ మీదుగా సూరమ్మ తొంగిచూసింది. "అయ్యా, నా మగ్గమూ బతుకూ అందులోనే ఉన్నాయి!"

"ఎత్తుకుపో."

చెన్నప్ప నిట్టూర్చాడు. "చిత్తం దొరా. మిద్దె పోతే దాని వెనక రాజుగారి మేడ కిటికీ నేరుగా తమ మంచం మీదికే చూస్తుంది. ఇన్నాళ్లూ నీళ్లయినా అడగకుండా, సన్నగా పొడుగ్గా నిలబడి తమ నిద్ర కాచింది ఆ మిద్దే కదా."

దళవాయి మిద్దెకేసి చూశాడు. "దాని గోడ బీటలిచ్చినట్టుంది. నా ఖర్చుతో బాగుచేయించు," అన్నాడు మెల్లగా.

ఆ కిటికీలోంచి తోట నిజంగా కనబడేదా అన్నది నేను కావాలనే చెప్పకుండా వదిలేశాను. మిద్దె కూలిస్తే తప్ప తేలే సంగతి కాదది. తేల్చుకునే ధైర్యం దళవాయికి లేకపోయింది.