తెల్లమిట్ట చారలమ్మకు సున్నపు సేవ

చెప్పే నోటికి చల్లదనం, వినే ఇంటికి వెలుగు, దారిన పోయే బండికి క్షేమం కలుగుగాక. తెల్లమిట్ట చారలమ్మ కథ ఇది. చెవి ఒగ్గి వినండి.

మద్రాసుకు పోయే రహదారి నుంచి సముద్రం వైపు మళ్లి, సవక చెట్ల తోపులు దాటితే తెల్లమిట్ట వస్తుంది. యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసి, ఆ తరువాత ఎవరూ పట్టించుకోని సిమెంటు బాట ఒకటి ఆ ఊరి పక్కన నేటికీ ఉంది. ఆ బాట చివర తాటాకు పందిరి కింద అమ్మవారు చిన్న రాతి రూపంలో వెలసి ఉన్నారు. తెల్లని ఆ రాతిపై నెత్తి నుంచి నడుము దాకా ఏటవాలుగా దిగిన నల్లని చార వలన ఆమెకు చారలమ్మ అని పేరు. అమ్మవారి పాదాల దగ్గర రెండు ముక్కలైన ఇనుప గొట్టం ఉంటుంది. కొత్తగా వచ్చినవారు దానిని ఆయుధమనుకొని మొక్కుతారు. అది ఆయుధం కాదు.

కొత్త బండితో ఇక్కడికి వచ్చినవారు ముందుగా టెంకాయ కొట్టరు, నిమ్మకాయలు తొక్కించరు. బండి అతుకులకు కిరసనాయిలు రాసి తుడిచి, సున్నం పూసి, అది ఆరేదాకా పందిరి కింద కూర్చుంటారు. ఈ ఆచారానికి కారణం పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడి ఊరి పేరు ముళ్లమిట్ట. అమ్మవారిని మిట్టమ్మ అనేవారు. ఏటా చలికాలంలో ఎక్కడెక్కడినుంచో రేసు కార్లు ఆ సిమెంటు బాట మీదికి పరుగు పందేలకు వచ్చేవి. వాటిలో ముళ్లమిట్టలోనే పుట్టిన కారు ఒకటి ఉండేది. దానిని కట్టినవాడు కాళహస్తాచారి. నాగటి కర్రులు సాగగొట్టే కొలిమి ఇంట పుట్టిన ఆయన, ఇనుప గొట్టాలను కాచి వంచి, గ్యాసు మంటతో అతికి, నేలకు జానెడెత్తున పరుగెత్తే కారుకు చట్రం కట్టడం తనంతట తానే నేర్చుకున్నాడు. తలుపులూ పైకప్పూ లేని ఆ కారును చూసి ఊరివారు, చొక్కా తొడగడం మరిచావా ఆచారీ అని వేళాకోళమాడితే, దానికి ఉక్కపోస్తుందిలే అని నవ్వేవాడు.

ఆ కారు నడిపేవాడు మౌనేశ్వరుడు. ఆచారి భార్య వెంగమాంబకు తమ్ముడు. తల్లి పోయాక ఆమె చంకన వేసుకొని పెంచిన బిడ్డ. కట్టేది భర్త, ఎక్కేది తమ్ముడు. అందుచేత పందెం జరిగేటప్పుడు వెంగమాంబ ఏనాడూ బాట వైపు తల తిప్పలేదు. మిట్టమ్మకు ఎదురుగా కూర్చొని, చప్పుడు వింటూ, ఆ చప్పుడు ఆగిపోకూడదని మాత్రమే మొక్కుకొనేది.

ఒక ఏడు ఆ చప్పుడు ఆగిపోయింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టం విరిగి కారు తోపులోకి దూసుకుపోయింది. మౌనేశ్వరుడు భుజం విరిగి బయటపడ్డాడు. ఆచారి విరిగిన గొట్టాన్ని వెతికి తెచ్చి ఎండలో పట్టి చూశాడు. విరిగినచోట సగం తళతళలాడుతోంది, సగం నల్లగా మసిబారి ఉంది. తళతళలాడేది ఆనాడు విరిగినది. నల్లనిది ఎన్నాళ్లనుంచో పగిలి, తన చేతి కిందనే ఉంటూ, తన కంటబడనిది. ఆ తరువాత చాలాకాలం ఆయన కంచం ముందు కూర్చొని కూడా తన చేతులనే చూసుకొనేవాడని వెంగమాంబ బాధపడేది.

మరుసటి ఏటికి కొత్త చట్రం సిద్ధమైంది. ఆచారి అతుకు అతుకునూ సుత్తితో తట్టి విన్నాడు, దీపం పెట్టి చూశాడు. ఏ దోషమూ కనబడలేదు. అయినా పందెం ముందురోజు భార్యతో ఇలా అన్నాడు.

“పగులు లేదని చెప్పలేను వెంగమ్మా. కనబడలేదని మాత్రమే చెప్పగలను.”

ఆ మాట కడుపులో పెట్టుకొని ఆమె అమ్మవారి దగ్గరకు వెళ్లింది. ఆనాడు శుక్రవారం. ఊరి ఆడవారితో కలిసి రాతికి ఆముదం రాసి, గుడ్డతో తుడిచి, సున్నం పూసింది. పని ముగిసి పందిరి నీడలో కూర్చోగానే కన్ను అంటుకుంది. కలలో నూనె ఓడుతున్న తెల్లని జుట్టుతో ఒక ముసలమ్మ ఎదుట నిలిచింది.

“నాకు చేసిన సేవ నీ తమ్ముడి బండికి చేశావటే?” అని అడిగింది.

వెంగమాంబ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. రాతిపై సున్నం ఆరింది. ఆ తెలుపులో నల్లని చార తేలింది. రాతి పగులులోకి ఇంకిన ఆముదం సున్నంలోకి ఊరి వచ్చిన చార అది. ఏటా ఆడవారు దానిని మచ్చ అనుకొని రెండవ పూత వేసి కప్పేవారు. ఆనాడు ఆమె రెండవ పూత వేయలేదు. సున్నపు చట్టి చంకనెత్తుకొని నేరుగా భర్త షెడ్డుకు నడిచింది.

ఆమె కల చెప్పగానే మౌనేశ్వరుడు పకపకా నవ్వి, బండికి పెళ్లి చేస్తున్నావా అక్కా, నలుగు కూడా పెట్టించు అన్నాడు. ఆచారి నవ్వలేదు. ఆముదం చిక్కన, సన్నని సందులోకి దిగదని తలచి, కిరసనాయిలు తెచ్చి అతుకులన్నిటికీ రాశాడు. కాసేపు ఆగి పొడిగా తుడిచాడు. వెంగమాంబ సున్నం పూసింది. ముగ్గురూ కూర్చొని ఎదురుచూశారు.

స్టీరింగు కింది అతుకు దగ్గర, తెల్లని సున్నంలో తడి వెంట్రుక వంటి గీత ఒకటి లేచింది. అది ఆచారి మురిసి చేసుకున్న అతుకు. అతికినట్టే తెలియకూడదని ఆకురాయితో అరగదీసి, వేలికి కూడా తగలకుండా నునుపు చేసినది. అందం కోసం ఆయన గీకి పారవేసినది ఆ అతుకు బలమే.

ఆయన రంపం అందుకున్నాడు. మౌనేశ్వరుడు ఆయన చేయి పట్టుకున్నాడు.

“వెంట్రుకంత గీత బావా. రేపు ఒక్కపూట నిలిస్తే చాలదా? మళ్లీ ఏడాది కూర్చోమంటావా నన్ను?”

“బండి మళ్లీ కడతానురా. మీ అక్కకు తమ్ముణ్ణి కట్టి ఇవ్వడం నా చేత కాదు.”

మౌనేశ్వరుడి చేయి వదులైంది. రంపం సగానికి చేరకముందే గొట్టం తనంతట తానే రెండుగా ఊడి కిందపడింది. విరిగిన అంచున సగానికి పైగా కిరసనాయిలు తడి మెరిసింది. మౌనేశ్వరుడు ఆ ముక్కలను ఏరుకొని వెళ్లి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు.

మరునాటి పందేన్ని వెంగమాంబ మొదటిసారిగా కళ్లారా చూసింది. తమ్ముడు పక్కనే కూర్చొని, పోయే ప్రతి కారుకూ వంక పెడుతూ, ఆమె ఒడిలోని వేరుసెనగలన్నీ తినేశాడు.

అది మొదలు అమ్మవారికి రెండవ పూత వేయడం మానుకున్నారు. ఆమె చారలమ్మ అయింది. లారీలూ ట్రాక్టర్లూ సున్నపు సేవకు రాగా రాగా నేలంతా తెల్లబడి ముళ్లమిట్ట తెల్లమిట్ట అయింది. కాళహస్తాచారి ఆ తరువాత ఎన్నో రేసు కార్లు కట్టాడు గాని, ఏ అతుకుకూ ఆకురాయి తగలనివ్వలేదు. పందేలు వేరే ఊళ్లకు తరలిపోయాక, ముదిమిలో సున్నపు చట్టితో ఈ పందిరి కిందనే కూర్చొనేవాడు. నీ సున్నం ఆరేలోపల నెల్లూరు చేరేవాణ్ణి తాతా అని ఒక లారీ డ్రైవరు విసుక్కుంటే, “నువ్వు చేరేవాడివో, నిన్ను చేర్చేవాళ్లో. కూర్చో నాయనా” అన్నాడట.

నేటికీ ఇదే ఆచారం. గీత తేలిన బండికి ఇక్కడ పూజ చేయరు. ఊరి కొలిమికి పంపి, అది బాగుపడేదాకా దాని యజమానికి ఊరివారే అన్నం పెడతారు. గీత తేలినందుకు దుఃఖించరాదు. అమ్మవారు కన్ను తెరిచిందని సంతోషించాలి. ఓపికగా ఈ సేవ చేయించినవారు వెళ్లిన దారినే క్షేమంగా తిరిగివస్తారని, వారి కోసం ఎదురుచూసే ఆడవారికి కంటనీరు ఉండదని నమ్మకం.

ఈ కథను ఇక్కడ రాసినామెకు మొదట చెప్పినవారు ఆమె అమ్మమ్మ వెంగమాంబ గారు. ప్రతి శుక్రవారం అమ్మవారికి సున్నం పూసి, చేతులు కడుక్కొని, ఈ పందిరి కిందనే మొదలుపెట్టేవారు. కథ ముగిసేసరికి సున్నం ఆరేది.