రాజును ఓడించినవాడికి సంకెళ్లు

మణిగిరి అని ఒక రాజ్యం ఉండేదిలెండి. దాన్నేలే విజయకేతుడికి చదరంగమంటే పిచ్చి. పిచ్చి ఉండొచ్చు, తప్పులేదు. ఆట రాకపోవడం కూడా తప్పు కాదు. రాదని ఒప్పుకోకపోవడంతోనే వచ్చింది తంటా అంతా.

ఆయనతో ఆడేవాళ్లు కావాలనే ఓడిపోయేవాళ్లు. మంత్రిగారైతే తన గుర్రాన్ని తనే తీసుకెళ్లి రాజుగారి బంటు నోటికి అందించేవారు. పన్నెండేళ్లు అలా గెలిచి గెలిచి, భూమ్మీద తనంతటివాడు లేడనుకున్నాడు రాజు.

అలాంటి చోటికి పేరయ్య అనే ముసలాయన వచ్చి, కొలువు మర్యాద తెలీక, నిజంగా ఆడేశాడు. ఇరవై ఎత్తుల్లో రాజుగారి ఆట కట్టు.

రాజుకు ఒళ్లు మండిపోయింది. "రాజును ఓడించినవాడు రాజద్రోహి. ఎవడైనా సరే, చెరలో వెయ్యండి" అన్నాడు. అదే శాసనమై కూర్చుంది.

పేరయ్య ఎవరనుకున్నారు? కొలువులో కబుర్లు చెప్పి బతికే గవరయ్యకు స్వయానా మేనమామ. అసలే వానాకాలం, కింద తడినేల, ముసలి ప్రాణం. చెరసాల కిటికీ దగ్గర మామ దగ్గు వింటుంటే గవరయ్యకు కడుపు రగిలిపోయింది.

"కాస్త ఓడిపోతే నీకేం పోయేది మామా?"

"నేను ఓడితే ఆయనకేం వచ్చేదిరా?" అన్నాడు పేరయ్య.

ఆ మాటకు రాజు మీద గవరయ్య కోపం రెండింతలైంది. మర్నాడు పళ్లు బిగబట్టి, పైకి నవ్వు పులుముకుని కొలువులో నిలబడ్డాడు.

"ఏం గవరయ్యా, మాతో ఆడే మొనగాడే లేడా?"

"ఒక్కడున్నాడు ప్రభూ. తమరే. రెండువైపులా తమరే ఆడితే తప్ప అసలైన ఆట చూసే భాగ్యం మాకు లేదు."

రాజు మురిసిపోయాడు. ఇటు కూర్చుని తెల్లపావులు ఆడాడు, లేచి అటెళ్లి నల్లపావులు ఆడాడు. మధ్యాహ్నానికి తెల్లరాజు కదల్లేక చిక్కుకుపోయాడు. "ఆట కట్టు" అని రాజు తొడ చరిచాడు.

గవరయ్య భటుణ్ణి పిలిచాడు. "సంకెళ్లు పట్రావయ్యా."

"ఎవరికండీ?"

"రాజుగారిని ఓడించినవాడికి. తెల్లపావులు ఆడింది రాజుగారేగా? ఆయన్ని ఓడించినవాడు అదిగో, అటు కూర్చున్నాడు."

కొలువంతా నేలచూపులు చూసింది. రాజు మొహం కందగడ్డయింది. "గవరయ్యా, నీ తల తీయిస్తాను."

"తీయించండి. ముందు ఇది వినండి. పన్నెండేళ్లుగా వీళ్లంతా తమకు ఉత్త గెలుపులు తినిపించారు. నిజంగా ఆడినవాణ్ణి తమరు తడినేల మీద పడుకోబెట్టారు. తమకు ఆట రాదు ప్రభూ. రాదని అనుకున్నరోజు నేర్చుకోవచ్చు."

 రాజు బల్లకేసి వంగి చూశాడు. "ఈ మూల ఏనుగు కదల్లేదే. దీన్ని కదపాలని నాకు తట్టనే లేదు."

"పన్నెండేళ్లుగా అది అక్కడే ఉంది ప్రభూ."

రాజుకు ముందు పెదవి వణికింది. ఆ తర్వాత నవ్వొచ్చింది, పొట్ట పట్టుకునేంత నవ్వు. చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగాడు. శాసనం కొట్టేసి, పేరయ్యను పల్లకీలో రప్పించి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

సాయంత్రానికి రాజుగారు ఏడాటలు ఓడారు. "ఆహా, ఎంత అందంగా ఓడారు ప్రభూ" అని మంత్రిగారు మొదలెట్టబోతే, "నోరు మూసుకో, ఆలోచించుకోనీ" అని కసిరి, మళ్లీ పావులు పేర్చుకున్నారు.