రెండు మాటల తనిఖీ

వెనకటికి మణిగిరి రాజ్యాన్ని ఉద్దండరాయుడనే రాజు ఏలేవాడు. తనకు తెలియని విషయం లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టే ధైర్యం కొలువులో ఎవరికీ లేదు. ఆయన ఏం చెప్పినా అందరికంటే ముందు తల ఊపేది సర్వేశ్వర సోమయాజులు. రాజ్యంలోని కొట్లన్నిటినీ తనిఖీ చేసే అధికారం ఆయనదే.

ఆ ఏడు వేసవి చివర విత్తనాల కొట్టులో పురుగు పట్టిందని వార్త పొక్కింది. తొలకరికి పదిహేను రోజులే ఉంది. చెడ్డ విత్తనం పొలాలకు చేరితే ఊళ్లకు ఊళ్లు పస్తులుండాలి. ఆయుధశాలలో ఈటె కర్రలకు చెద పట్టిందనీ, వార్తలు మోసే పావురాలకు తెగులు సోకిందనీ కూడా అన్నారు. ప్రతి కుండా, ప్రతి ఈటే, ప్రతి పావురమూ చూసి తీరాలని రాజు ఆజ్ఞాపించాడు.

సోమయాజులు మూడు గ్రంథాలు రాయడానికి కూర్చున్నాడు. కుండలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి కనుక పైనుంచి కిందికి చూడాలని ఒకటి. ఈటెలు గోడవారన వరుసగా ఉంటాయి కనుక తూర్పునుంచి పడమరకు నడవాలని ఇంకొకటి. పావురాల గ్రంథం మాత్రం నూరు తాటాకులైనా ముగియలేదు. అవి ఒకచోట కూర్చోవు కదా.

మొదటి గ్రంథం పట్టుకుని ఆయన విత్తనాల కొట్టుకు వెళ్లాడు. అప్పటికే అకాల వానకు కప్పు కారుతోందని కాపరి మల్లు కుండలన్నీ దింపి గది పొడవునా పరిచేశాడు. పైది ఏదో కిందిది ఏదో తెలియక, సోమయాజులు చూసిన కుండనే నాలుగుసార్లు చూసి, చూడనివాటిని వదిలేసి వచ్చాడు. వచ్చి రాజు ఎదుట నేరం మూడుచోట్ల కాపర్లమీదికీ తోశాడు.

"వీళ్లు శాస్త్రప్రకారం సర్దరు ప్రభూ. ముగ్గురినీ పనిలోంచి తీసేయాలి."

రాజు సరేనన్నాడు. కొలువుకు వచ్చిన మల్లు తలపాగా తీసి నేలమీద పెట్టాడు.

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే బయ్యమ్మ అది చూసింది. ఆమెకు కడుపు మండింది.

"ఏలినవారు సెలవిస్తే ఈ తనిఖీ నేను రెండు రోజుల్లో చేయిస్తాను. అప్పటిదాకా కాపర్లను ఉంచండి," అంది.

సోమయాజులు నవ్వాడు. "నువ్వేం చదివావమ్మా?"

"తమరి గ్రంథాలు చదవలేదండి. అందుకే చేయగలను."

"చేయలేకపోతే?" అన్నాడు రాజు.

"వీళ్లతోపాటు నన్నూ పనిలోంచి తీసేయండి."

ఆ సాయంత్రం బయ్యమ్మ ముగ్గురు కాపర్లనూ కూర్చోబెట్టింది. "మీ సరుకు ఎలా సర్దుకుంటారో మీ ఇష్టం. ఎవరైనా వచ్చి 'ఇంకొకటి ఉందా?' అంటే ఉందో లేదో చెప్పండి. 'తర్వాతది చూపించు' అంటే అంతకుముందు చూపించనిది ఒకటి తెచ్చి ముందు పెట్టండి. ఈ రెండింటికీ ఒప్పుకుంటే చాలు."

"ఎక్కడినుంచి తీశావని అడగరా?" అన్నాడు మల్లు.

"అడగరు. అది నీ పని."

మర్నాడు కొలువులో రాజు అడిగాడు. "తనిఖీకి ఎవరిని పంపుతావు?"

"కొట్ల గురించి బొత్తిగా ఏమీ తెలియనివారు కావాలి ప్రభూ. అందుకని ఏలినవారే దయచేయాలి."

సభ బిగుసుకుపోయింది. రాజు ముఖం కందింది. బయ్యమ్మ తొణక్కుండా, "కష్టమనిపిస్తే సోమయాజులవారినే మళ్లీ పంపుదాం," అంది. రాజు విసురుగా లేచాడు.

విత్తనాల కొట్టులో ఆయన అడిగింది రెండే మాటలు. ఉందా అంటే మల్లు ఉందన్నాడు. చూపించమంటే చూపించాడు. మల్లు ఇక లేదనేసరికి పదకొండు పురుగు కుండలు పక్కన తేలాయి. ఆయుధశాలలోనూ అవే రెండు మాటలు. పావురాల దగ్గర కాపరి ఒక్కొక్కదాన్నే వలతో పట్టి చూపించి, చూసినదాన్ని పక్క గూట్లోకి వదిలాడు.

సోమయాజులు వెంటపడ్డాడు. "ప్రభూ, ముందు ఆడవా మగవా అన్నది తేల్చాలి కదా."

రాజు ఆయనవైపు చూడనేలేదు. "ఇంకొకటి ఉందా?" అని కాపరిని అడిగాడు.

పొద్దు వాలేలోగా మూడుచోట్లా పని ముగిసింది. రెండో రోజు అవసరం పడలేదు.

కొలువులో సోమయాజులు పెదవి విరిచాడు. "ఇదీ ఒక శాస్త్రమేనా ప్రభూ? రెండు మాటలు. చిలక కూడా పలుకుతుంది."

"నిజమేనండి," అంది బయ్యమ్మ. "చిలక చేసే పని చేతకాకనే తమరు ముగ్గురి నోటికాడి కూడు తీయబోయారు."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "అంటే నేను చిలకనా?"

"చిలకైతే సోమయాజులవారు చెప్పిందే తిరిగి చెప్పేది ప్రభూ. అది ఇన్నాళ్లూ జరిగింది. ఇవాళ ఏలినవారు కాపరి చెప్పింది విన్నారు."

రాజు పొట్ట అదిరింది, భుజాలు అదిరాయి, చివరికి సింహాసనం పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తన చేతి కంకణం తీసి బయ్యమ్మకు ఇచ్చాడు. కాపర్లు ముగ్గురికీ కొత్త పట్టు తలపాగాలు ఇప్పించి, ఇకమీదట కొట్టు ఎలా సర్దాలో వాళ్లకెవరూ చెప్పకూడదన్నాడు.

పురుగు పట్టిన పదకొండు కుండలనూ ఊరి బయటికి మోసి పారబోసే పని సోమయాజులకు పడింది. వాటిలో ముందు ఏది ఎత్తాలని ఆయన అడిగాడట.